రీఇటరేట్ ఎక్కడ వాడాలి, రిపీట్ ఎక్కడ సరిపోతుంది

ప్రశ్న: మా మేనేజర్ టీమ్ మొత్తానికి పంపిన మెయిల్‌లో "ఐ వుడ్ లైక్ టు రీఇటరేట్ దట్ టైమ్‌షీట్స్ ఆర్ డ్యూ బై ఫ్రైడే" అని రాశారు. డిక్షనరీలో చూస్తే రీఇటరేట్ అంటే రిపీట్ అనే ఉంది. మరి రిపీట్ అనకుండా ఈ మాట ఎందుకు వాడారు? ఆయనకు కోపం వచ్చిందా? ఇంటర్వ్యూల్లో, మెయిల్స్‌లో నేనూ వాడొచ్చా?

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇదివరకే చెప్పిన విషయాన్ని, అది గుర్తుండాలనో, అందులో మార్పేమీ లేదని తెలియాలనో, కావాలని మళ్ళీ చెప్పడాన్ని రీఇటరేట్ అంటారు. మీ డిక్షనరీ చెప్పింది తప్పు కాదు కానీ అందులో సగం అర్థమే ఉంది. మీ మేనేజర్‌కి కోపం వచ్చిందని ఆ ఒక్క మాటను బట్టి అనుకోనక్కర్లేదు. ఎందుకో కింద చెబుతాను. వాడొచ్చా అంటే, వాడొచ్చు. అయితే ఎవరితో, ఎక్కడ అన్నది చూసుకోవాలి. నేను చాలా ఏళ్ళు పత్రికలో ఏజెన్సీ వార్తలను తెలుగు చేసే పనిలో ఉన్నాను, ఇప్పుడు ఉద్యోగులకు ఆఫీసు ఇంగ్లీషు నేర్పుతున్నాను. రెండు చోట్లా ఈ మాట రోజూ ఎదురవుతుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

రిపీట్ చాలా విశాలమైన మాట. పనులకు, సంఘటనలకు, మాటలకు, అన్నిటికీ పనికొస్తుంది. డాక్టర్ రక్తపరీక్ష రిపీట్ చేయమంటారు. ఫెయిలైన కుర్రాడు ఆ క్లాసే రిపీట్ చేస్తాడు. టీవీలో నిన్నటి ఎపిసోడ్ రిపీట్ వేస్తారు. బార్‌లో కూర్చున్నవాళ్ళు "రిపీట్" అన్నారంటే ఇందాక తెచ్చిందే ఇంకోటి తెమ్మని. "హిస్టరీ రిపీట్స్ ఇట్‌సెల్ఫ్" అంటారు. వీటిలో ఏ ఒక్క చోటా రీఇటరేట్ ఇమడదు. దానికి కావలసింది ఇంతకుముందు చెప్పిన మాట మాత్రమే. అది ఒక వైఖరి కావచ్చు, హామీ కావచ్చు, హెచ్చరిక, విజ్ఞప్తి, డిమాండ్, అభిప్రాయం ఏదైనా కావచ్చు. పాత ఇంగ్లీషు రచనల్లో పనులకు కూడా వాడిన సందర్భాలు కనిపిస్తాయి కానీ ఈ రోజుల్లో "ఐ రీఇటరేటెడ్ ద ఎగ్జామ్" అని రాస్తే చదివేవాళ్ళకు అర్థమే కాదు.

ఇంకో తేడా చాలామంది గమనించరు. రిపీట్‌లో మాటలే ముఖ్యం కావచ్చు. రీఇటరేట్‌లో ముఖ్యమైనది విషయం. టీచర్ "రిపీట్ ఆఫ్టర్ మీ" అంటే పిల్లలు అక్షరం పొల్లు పోకుండా అదే అనాలి. అర్థం తెలియకపోయినా ఫర్వాలేదు. ఒక మంత్రి నిన్న అసెంబ్లీలో చెప్పిన హామీనే ఇవాళ సభలో వేరే మాటల్లో చెప్పారనుకోండి, అది రీఇటరేట్. మాటలు మారినా హామీ అదే. అర్థం తెలియకుండా రిపీట్ చేయవచ్చు, రీఇటరేట్ చేయడం కుదరదు.

మూడో తేడా, ఆ మాట ఎవరిది అన్నది. "డోంట్ రిపీట్ దిస్ టు ఎనీవన్" అంటే "ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకు" అని. ఇంకొకరి నోట విన్న మాటను మూడో మనిషికి చేరవేయడం కూడా రిపీటే. రీఇటరేట్ మాత్రం సాధారణంగా మన మాటనో, మన సంస్థ మాటనో మనమే మళ్ళీ చెప్పేటప్పుడు వస్తుంది. మీటింగ్‌లో ఒకరు చెప్పిన పాయింటును మీరు సమర్థిస్తూ మళ్ళీ ప్రస్తావించాలంటే, "లెట్ మీ రీఇటరేట్ వాట్ హి సెడ్" అన్నా తప్పు పట్టరు గానీ, "ఐ వుడ్ లైక్ టు ఎకో దట్" అంటే ఇంకా బాగుంటుంది. అది వాళ్ళ పాయింటే, మీరు గొంతు కలుపుతున్నారు అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది.

ఇక్కడే నేను తరచుగా వినే ఒక తప్పు చెప్పాలి. ఫోన్‌లో సరిగ్గా వినబడకపోతే కొందరు "కుడ్ యు ప్లీజ్ రీఇటరేట్?" అంటారు. పెద్ద మాట వాడితే మర్యాదగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. కానీ అవతలివాళ్ళకు అది "మీ వైఖరిని మరోసారి స్పష్టం చేయండి" అన్నట్టు వినబడుతుంది. ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడిని ఇలా అడిగితే మరీ విచిత్రంగా ఉంటుంది. వినబడనప్పుడు "సారీ, కుడ్ యు సే దట్ అగైన్, ప్లీజ్?" లేదా "కుడ్ యు ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్?" చాలు. "కమ్ అగైన్?" అన్నది మన దగ్గర బాగా అలవాటైపోయింది గానీ పెద్దవాళ్ళ ముందు కాస్త దురుసుగా ఉంటుంది, వద్దు.

ఈ సందర్భంలో ఒక విషయం చెబుతాను, నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆసక్తిగానే ఉంటుంది. విమానాల రేడియో సంభాషణలో పైలట్‌కి మాట అందకపోతే "రిపీట్" అనరు, "సే అగైన్" అంటారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించిన పదజాలం అది. తన మాటనే స్పష్టత కోసం మళ్ళీ చెప్పేటప్పుడు "ఐ సే అగైన్" అంటారు. సైనిక రేడియోలోనూ అంతే. అక్కడ కారణం మరీ గట్టిది. ఫిరంగి దళాల భాషలో "రిపీట్" అంటే "ఇందాక కాల్చిన చోటే మళ్ళీ కాల్చు" అనే ఆదేశం. వినబడలేదని "రిపీట్" అంటే ఏమవుతుందో ఊహించుకోండి. మళ్ళీ చెప్పమని అడగడం, మళ్ళీ చేయమని ఆదేశించడం, చెప్పిందాన్ని నొక్కి చెప్పడం, ఈ మూడూ వేరువేరు పనులు. ప్రాణాల మీదికి వచ్చే చోట వాటికి ఒకే మాట వాడనివ్వరు.

ఇక ఐటీలో ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇటరేట్ గురించి. లాటిన్‌లో ఇటెరుమ్ అంటే "మళ్ళీ". దాని నుంచే ఇటరేట్ వచ్చింది. దానికి "రీ" కూడా చేరి రీఇటరేట్ అయింది. అంటే మాట పుట్టుకలోనే "మళ్ళీ" రెండుసార్లు ఉంది. ఒకప్పుడు రెండింటి అర్థాలూ దగ్గరగానే ఉండేవి, ఇప్పుడు బాగా విడిపోయాయి. ప్రోగ్రామింగ్‌లో లూప్ ఒక్కో చుట్టు తిరగడాన్ని ఇటరేషన్ అంటారు. డిజైన్ టీమ్‌లో "లెట్స్ ఇటరేట్ ఆన్ దిస్" అంటే ఉన్నదాన్నే తీసుకుని, కాస్త మార్చి, చూసి, మళ్ళీ మార్చుదాం అని. అందులో మెరుగుపరచడం ఉంది.

ఒక చిన్న లెక్కతో ఇది బాగా తెలుస్తుంది. 2 వర్గమూలం కనుక్కోవాలి. 1తో మొదలుపెట్టండి. 2ని ఆ సంఖ్యతో భాగించి, వచ్చినదానికీ ఆ సంఖ్యకీ సగటు తీయండి. 1.5 వస్తుంది. దానితో మళ్ళీ అదే పని చేయండి, 1.4167 వస్తుంది. ఇంకోసారి చేస్తే 1.41422. అసలు విలువ 1.41421 కాబట్టి మూడు చుట్లకే దాదాపు అక్కడికి చేరాం. చేసిన పని ప్రతిసారీ ఒకటే, ఫలితం మాత్రం ప్రతిసారీ మారింది, మెరుగైంది. ఇటరేట్ అంటే ఇది. రీఇటరేట్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం. అక్కడ విషయం ఏమీ మారలేదని చెప్పడమే ఉద్దేశం. కాబట్టి క్లయింట్‌తో "లెట్ మీ ఇటరేట్ మై పాయింట్" అంటే, "నా పాయింటును ఇంకా మార్చి చూస్తాను" అన్నట్టు వినబడే ప్రమాదం ఉంది. హైదరాబాద్ ఆఫీసుల్లో ఈ పొరపాటు చాలా ఎక్కువ, ఎందుకంటే ఇటరేట్ వాళ్ళ నోట్లో రోజూ నానే మాట.

రికర్ అన్నది ఇంకొకటి. దానంతట అదే మళ్ళీ వచ్చేదానికి అది వాడతారు. జ్వరం రికర్ అవుతుంది, సాఫ్ట్‌వేర్‌లో అదే బగ్ రికర్ అవుతుంది. పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ అంటే రికరింగ్ డిపాజిట్టే. దీన్ని రీఇటరేట్‌తో కలిపేవాళ్ళు తక్కువే కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు తెలుగు సంగతి. పేపర్లో మీరు "పునరుద్ఘాటించారు" అన్న మాట చూసే ఉంటారు. రీఇటరేట్‌కి పత్రికలు స్థిరపరచుకున్న మాట అది. ఉద్ఘాటించడం అంటే తెలుగులో గట్టిగా ప్రకటించడం. హిందీలో ఉద్ఘాటన్ అంటే ప్రారంభోత్సవం, మనకు ఆ అర్థం రాలేదు. "మళ్ళీ"తో పాటు "గట్టిగా" అన్నది కూడా అందులో ఉంది కాబట్టి ఇంగ్లీషు మాటకు బాగా సరిపోయింది. దాని ఇబ్బంది ఏమిటంటే అది పేపర్లోనే బతుకుతుంది. ఇంట్లో అమ్మ "గొడుగు తీసుకెళ్ళమని పునరుద్ఘాటిస్తున్నాను" అనదు కదా, "మళ్ళీ చెప్తున్నా, గొడుగు తీసుకెళ్ళు" అంటుంది. మీ మేనేజర్ రాసిన వాక్యాన్ని తెలుగులో చెప్పమంటే నేను "ఇంకోసారి గుర్తుచేస్తున్నాను, టైమ్‌షీట్లు శుక్రవారంలోగా ఇచ్చేయాలి" అంటాను. అంతకన్నా బరువు అందులో లేదు.

పేపర్ చదివేవాళ్ళు విసుక్కునేది కూడా ఇలాంటి వార్తల దగ్గరే. "ఫలానా దేశం తన వైఖరిని పునరుద్ఘాటించింది" అని వస్తే, పాత మాటే కదా, ఇందులో వార్త ఏముంది అంటారు. దౌత్యంలో అదే పెద్ద వార్త. రెండు దేశాల నాయకులు కూర్చుని మాట్లాడాక కూడా వైఖరి మారలేదు, పరిస్థితులు మారినా మారలేదు అన్నది అవతలివాళ్ళకు చేరాలి. అందుకే అక్కడ ఇలాంటి మాటలను ఒక్కొక్కటీ తూచి వాడతారు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తీర్మానాలు చూడండి. పేరాలు "రీకాలింగ్", "రీఅఫర్మింగ్", "రీఇటరేటింగ్" అంటూ మొదలవుతుంటాయి. రీకాలింగ్ అంటే పాత తీర్మానాలను గుర్తుచేయడం. రీఅఫర్మింగ్ అంటే ఆ సూత్రానికి ఇప్పటికీ కట్టుబడి ఉన్నామని చెప్పడం. రీఇటరేటింగ్ అంటే ఇంతకుముందు వెలిబుచ్చిన ఆందోళననో, చేసిన డిమాండునో మళ్ళీ వినిపించడం. పత్రిక డెస్క్‌లో మూడింటికీ "పునరుద్ఘాటిస్తూ" అని వేసేయడం తేలిక, కానీ అలా వేస్తే మూలంలో ఉన్న తేడా పోతుంది. రీఅఫర్మ్‌కి "కట్టుబడి ఉన్నామని మరోసారి చెబుతూ" అనడం మేలని నా అభిప్రాయం.

మనకు దగ్గరి ఉదాహరణ రిజర్వు బ్యాంకు. 2016లో చట్టం సవరించి ద్రవ్యోల్బణ లక్ష్యం పద్ధతి తెచ్చారు, అంటే ధరల పెరుగుదల ఎంత ఉండాలో ముందే నిర్ణయించుకోవడం. లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. వడ్డీ రేట్లు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ సుమారు రెండు నెలలకోసారి సమావేశమవుతుంది, ఆ ప్రకటనల్లో ఈ 4 శాతం మాట పదే పదే వస్తుంది. విసుగు పుట్టించడానికి కాదు. ధరలను అదుపు చేస్తామని జనం, బ్యాంకులు, మార్కెట్లు నమ్మితేనే ఆ విధానం సరిగ్గా పనిచేస్తుంది. ఒక సమీక్షలో ఆ మాట కనబడకపోతే, లక్ష్యం సడలించారా అని మర్నాడే విశ్లేషణలు మొదలవుతాయి. చెప్పిందే చెప్పడం ఇక్కడ విధానంలో భాగం. రీఇటరేట్ తన పూర్తి బలంతో పనిచేసేది ఇలాంటి చోట్ల.

తెలుగులో నొక్కి చెప్పాలంటే ఇంకో సొగసైన దారి ఉంది. మాటనే రెండుసార్లు పలుకుతాం. ఆమ్రేడిత సంధి స్కూల్లో చదివే ఉంటారు. పగలు, పగలు కలిసి పట్టపగలు. నడుమ, నడుమ కలిసి నట్టనడుమ. రెండోసారి పలకగానే బలం వచ్చేస్తుంది. వేడివేడి, చిన్నచిన్న, ఎప్పుడెప్పుడు, ఇవన్నీ మనకు సహజం. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ తెచ్చుకుని "హాట్ హాట్ కాఫీ", "స్మాల్ స్మాల్ మిస్టేక్స్" అంటాం. మాటల్లో అంటే అందులో తప్పేమీ లేదు, మనవాళ్ళందరికీ అర్థమవుతుంది. బయటి క్లయింట్‌కు రాసే మెయిల్‌లో మాత్రం వద్దు. ఇంగ్లీషులో ఆ బలం వేరే మాటతో తేవాలి, రీఇటరేట్ అలాంటి మాటల్లో ఒకటి.

ఇక వాక్యంలో ఎలా పెట్టాలో చూద్దాం. "రీఇటరేట్ దట్" తర్వాత పూర్తి వాక్యం రావచ్చు, మీ మేనేజర్ రాసినట్టు. లేదా నేరుగా నామవాచకం రావచ్చు, "వీ రీఇటరేట్ అవర్ రిక్వెస్ట్", "షి రీఇటరేటెడ్ హర్ సపోర్ట్" అని. "రీఇటరేట్ అబౌట్" అని రాయకూడదు. "దాని గురించి మళ్ళీ చెప్పారు" అన్న తెలుగు వాక్యంలోని "గురించి" అక్కడ దూరుతోంది. "హి రీఇటరేటెడ్ మీ" కూడా తప్పే, "హి రీఇటరేటెడ్ టు మీ దట్" అనాలి. "రీఇటరేట్ అగైన్" వద్దు. ఇందాక చెప్పినట్టు ఆ మాటలోనే "మళ్ళీ" ఉంది. తెలుగు పత్రికల్లో "మళ్ళీ పునరుద్ఘాటించారు" అని వస్తుంటుంది, అదీ ఇదే లోపం. "రివర్ట్ బ్యాక్", "రిటర్న్ బ్యాక్" కూడా ఈ కోవలోవే. "రిపీట్ అగైన్" విషయంలో నేను అంత కచ్చితంగా ఉండను. ఒకసారి రిపీట్ చేసిన పరీక్షను మూడోసారి చేశారనుకోండి, "రిపీటెడ్ అగైన్" అనడంలో న్యాయం ఉంది.

ఉచ్చారణ మీద కాస్త శ్రద్ధ పెట్టండి. రి-ఇ-ట-రేట్, బలం రెండో అక్షరం "ఇ" మీద పడాలి. త్వరగా అంటే "రిట్రేట్" అని వినబడుతుంది, ఇంగ్లీషులో రిట్రీట్ అంటే వెనకడుగు వేయడం కాబట్టి అవతలివాళ్ళు తికమకపడతారు. స్పెల్లింగ్‌లో "రీ" తర్వాత హైఫన్ ఉండదు.

ఇప్పుడు మీ అసలు బెంగకు వద్దాం. రీఇటరేట్‌లో "ఇది మీకు ఇంతకుముందే చెప్పాను" అన్న భావం తప్పకుండా ఉంటుంది. ఆ భావం మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది పక్కనున్న మాటలు నిర్ణయిస్తాయి. తెలుగులో "చెప్పిందే చెబుతున్నాననుకోకండి" అనీ అనొచ్చు, "ఎన్నిసార్లు చెప్పాలి?" అనీ అనొచ్చు కదా. "ఐ వుడ్ లైక్ టు రీఇటరేట్", "జస్ట్ టు రీఇటరేట్" మొదటి రకం. "యాజ్ ఐ హావ్ రీఇటరేటెడ్ సెవరల్ టైమ్స్" రెండో రకం. మీ మేనేజర్ రాసింది మొదటి రకమే, పైగా టీమ్ మొత్తానికి పంపారు. మీ ఒక్కరికే పంపి, మీ పైవాళ్ళను కాపీలో పెట్టి, పాత మెయిల్ తేదీ కూడా రాసి ఉంటే అప్పుడు ఆలోచించాల్సి వచ్చేది. ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

మీరు వాడేటప్పుడు మాత్రం హోదా చూసుకోండి. కింది ఉద్యోగి పైవారికి "ఐ రీఇటరేట్ దట్ ఐ నీడ్ లీవ్ ఆన్ మండే" అని రాస్తే, అడగడం పోయి పట్టుబట్టినట్టు ఉంటుంది. అక్కడ "దిస్ ఈజ్ ఎ జెంటిల్ రిమైండర్ అబౌట్ మై లీవ్ రిక్వెస్ట్" మేలు. మీ జూనియర్లకు, వెండర్లకు, ఒప్పందం షరతులు గుర్తుచేయాల్సిన చోట, ఫిర్యాదుకు స్పందన రాని చోట రీఇటరేట్ బాగా పనిచేస్తుంది. వినియోగదారుడిగా ఒక కంపెనీకి మూడో ఉత్తరం రాస్తున్నప్పుడు "ఐ రీఇటరేట్ మై రిక్వెస్ట్ ఫర్ ఎ రీఫండ్" అని రాయండి, కోపం చూపకుండానే గట్టిదనం వస్తుంది. అంతకుముందు రాసిన ఉత్తరాల తేదీలు పక్కనే ఇవ్వండి, లేకపోతే ఆ గట్టిదనానికి ఆధారం ఉండదు.

ఒకే మెయిల్‌లో రెండుసార్లు వాడొద్దు. మొదటిసారి చెప్పే విషయానికి అసలే వాడొద్దు. విదేశీ చదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్ష పదాల జాబితాలు బట్టీపట్టినవాళ్ళు కొత్త విషయాన్ని కూడా "లెట్ మీ రీఇటరేట్" అని మొదలుపెడతారు, వినేవాళ్ళు "ముందు ఎప్పుడు చెప్పారు?" అని వెతుక్కుంటారు. ప్రతి మీటింగ్‌లో అదే పాయింటు రీఇటరేట్ చేస్తూ పోతే ఇంగ్లీషులో దాన్ని "హార్పింగ్ ఆన్" అంటారు, మన "పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరి" అన్నమాట. పాత సరుకునే కొత్తదిలా చూపిస్తే "రీహ్యాష్", మన చర్వితచర్వణం. ఈ రెండూ నిందలే. రీఇటరేట్‌లో నింద లేదు.

ఇంటర్వ్యూలో దీనికి ఒకే ఒక్క మంచి చోటు ఉంది, చివరలో. "ఎనీథింగ్ ఎల్స్ యు వుడ్ లైక్ టు సే?" అని అడిగితే, "ఐ వుడ్ జస్ట్ లైక్ టు రీఇటరేట్ దట్ ఐ యామ్ రెడీ టు రీలొకేట్" అని, మీరు ముందే చెప్పిన ఒక ముఖ్యమైన విషయాన్ని గుర్తుచేయవచ్చు. ముందు చెప్పి ఉంటేనే సుమా. మిగతా చోట్ల "యాజ్ ఐ మెన్షన్డ్" అంటే చాలు.

మేనేజర్ మెయిల్‌కు జవాబు రాయాలా అని మీరు అడగలేదు గానీ, రాస్తే ఒక్క లైను చాలు. "నోటెడ్, విల్ సబ్మిట్ బై ఫ్రైడే" అని రాసి పంపండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే "సబ్మిటెడ్" అనండి, తేదీ పెట్టండి.